పడికి కిలో ఏడు వందల గ్రాములు

మా శాఖా గ్రంథాలయం వాళ్లు పాత పాఠకుల జ్ఞాపకాలను ఒక చిన్న పుస్తకంగా వేస్తున్నారు. నన్నూ రాయమన్నారు. అడగడానికి వచ్చినాయన వెళ్తూ వెళ్తూ, "కొత్త తూకాలు వచ్చినప్పుడు చుట్టుపక్కల పల్లెలకంతా కిలోలూ లీటర్లూ నేర్పింది మీరే గదా సార్, అది రాయండి" అన్నాడు. నేర్పింది నేనే, అబద్ధం కాదు. కానీ నేర్పినదాంట్లో ఒక తప్పుంది. ఆ తప్పు వల్ల ఒక ఆడమనిషి మీద దొంగతనం నింద పడింది. తప్పు నాదని తెలిసిన తర్వాత కూడా చాలా నెలలు నేను నోరు మూసుకుని ఉన్నాను. ఆ సంగతి వదిలేసి, నేర్పానని మాత్రం రాసుకుంటే ఆమె మీద నేనే రెండోసారి నింద వేసినట్టవుతుంది. అందుకని ఉన్నదంతా రాస్తున్నాను. అచ్చు వేయడం, వేయకపోవడం వాళ్ల ఇష్టం.

ఇందులో ఎవరి పేరూ ఉండదు. తన పేరు ఎక్కడా ఎత్తొద్దని ఆమే చెప్పింది. ఆమె పేరు లేనిచోట మా పేర్లు ఉండటం బాగుండదు.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లే అయింది. పులివెందుల బజారులో ఒక బట్టల అంగడి పంచలో నాకు కుట్టుమిషను ఉండేది. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. వీధి దాటితే గ్రంథాలయం. పొద్దున తలుపు తీసే వేళకు నేను మెట్ల మీద ఉండేవాణ్ణి. చరిత్ర, వైద్యం, గ్రహాలు, ఎరువులు, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. చదివినదాన్ని ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం దిగేది కాదు. చొక్కాకు కొలతలివ్వడానికి వచ్చినవాడు చంద్రుడు ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకుని పోయేవాడు. "నీ దగ్గర గుడ్డ కుట్టించుకోవాలంటే పరీక్షకు కూచున్నట్టుంది గదప్పా" అని నవ్వేవాళ్లు. నాకది పొగడ్తగానే వినిపించేది.

నయాపైసలు వచ్చి, జనం అణాల అలవాటు ఇంకా పూర్తిగా వదలని కాలం అది. ఆ వెనకే తూకాలూ కొలతలూ మారతాయని ప్రకటనలు వచ్చాయి. గ్రంథాలయానికి కొత్త కొలతల మీద పలచటి పుస్తకం ఒకటి వచ్చింది. దాన్ని నేను మూడు రోజులు వదల్లేదు. మన పాత లెక్కల్లో మూరకూ శేరుకూ సంబంధం లేదు. గింజలు కొలిచే పడి ఒక ఊరిది ఇంకో ఊర్లో చెల్లదు. కొత్త పద్ధతి అట్లా కాదు. పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు ఉన్న పెట్టె చేస్తే అందులో సరిగ్గా లీటరు పడుతుంది. ఆ లీటరును తూస్తే కిలో. పొడవు తెలిస్తే పట్టేదెంతో తెలుస్తుంది. పట్టేది తెలిస్తే బరువు తెలుస్తుంది. నా మెడలో వేలాడే టేపుకు ఒక పక్క అంగుళాలు, ఇంకో పక్క సెంటీమీటర్లు ఉండేవి. అంతకుముందు ఆ రెండో పక్కను నేను ఎప్పుడూ చూడలేదు. ఇక దాంతో దేన్నైనా తూచవచ్చనిపించింది. ఆ రోజు కుట్టాల్సిన రెండు లాగులు అట్లాగే ఉండిపోయాయి.

పాత క్యాలెండరు వెనక పట్టిక రాసి మిషను పైన గోడకు అంటించాను. మీటరుకు వంద సెంటీమీటర్లు, కిలోకు వెయ్యి గ్రాములు, లీటరుకు వెయ్యి మిల్లీలీటర్లు. అడుగున ఎర్రసిరాతో, 'వెయ్యి ఘనపు సెంటీమీటర్లు ఒక లీటరు, ఒక లీటరు ఒక కిలో' అని రాశాను. పుస్తకంలో ఆ వాక్యానికి ముందు కొన్ని మాటలున్నాయి. శుద్ధమైన నీటి విషయంలో, అదీ ఫలానా చల్లదనం దగ్గర, అని. నేను వాటిని వదిలేశాను. కాగితంలో చోటు లేక కాదు. వాక్యం పొట్టిగా ఉంటే జనానికి గుర్తుంటుందని. కొన్నాళ్లకు నాకు కూడా ఆ పొట్టి వాక్యమే గుర్తుండిపోయింది.

మా మేనమామ లింగాల దారిలో ఒక పల్లెలో పెద్ద రైతు. వేరుశనగ వేసేవాడు. విత్తనానికి చేత్తో ఒలిచిన గింజ కావాలి. మిషన్లో ఆడిస్తే గింజ పగులుతుంది, పైపొర లేచిపోతుంది, మొలక రాదు. అందుకని వేసవిలో మా మామ ఇంటి వసారాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని కాయలు ఒలిచేవాళ్లు. ఒక్కామెకు మాత్రం బస్తా ఇంటికి తీసుకుపోయే వీలుండేది. దూదేకుల ఇంటామె. భర్త ఉన్నన్నాళ్లు ఇద్దరూ కలిసి పరుపులూ బొంతలూ కుట్టేవాళ్లు. ఆయన పోయాడు. ఇంట్లో మంచం దిగలేని అత్త. ఆ ముసలామెను వదిలి రాలేక బస్తా ఇంటికి తీసుకుపోయి ఒలిచి తెచ్చేది. అట్లా ఇంటికి బస్తా ఇవ్వాలంటే మనిషి మీద ఎంతో నమ్మకం ఉండాలి. మా మామ భార్య, అంటే మా అత్త, ఆ ఊర్లో ఇంకెవరికీ అట్లా ఇవ్వలేదు.

గింజల్ని అక్కడ ఎవరూ తూచేవాళ్లు కాదు. కాయలు గంపలతో బస్తాకు నింపడం, ఒలిచిన గింజలు పడితో కొలవడం, అంతే. బస్తాకు ఇరవై నాలుగు పడుల గింజలు రావాలని తరాల లెక్క. ఆమె తెచ్చి పోస్తే, మా అత్త మొదటి పడిని ఒకటి అనకుండా లాభం అని ఎంచి, రెండు, మూడు అంటూ పోస్తే, ఇరవై నాలుగు తప్పకుండా వచ్చేవి. ఒక్కోసారి పిడికెడు మిగిలేది కూడా.

ఆ ఏడు ప్రొద్దుటూరులో విత్తనాలు కొనే వ్యాపారి పడుల లెక్క వద్దు, కిలోల్లోనే చెప్పమన్నాడు. మా మామ అక్కడే పెద్ద తక్కెడ, ముద్ర వేసిన ఇనుప గుండ్లు కొని తెచ్చుకుని నాకు కబురు పెట్టాడు. నేను పోయేసరికి వసారా నిండా ఆడవాళ్లు. దూదేకులామె కూడా బస్తా కోసం వచ్చి గడప పక్కన కూర్చుంది.

"అల్లుడా, ఇరవై నాలుగు పడులు ఎన్ని కిలోలు అయితాయో లెక్క కట్టి చెప్పప్పా" అన్నాడు మామ.

"లెక్కెందుకు, ఒక పడి తక్కెడలో పోసి చూస్తే పోలా?" అంది అత్త.

"తూసే పనే లేదత్తా" అని నేను మెడలోంచి టేపు తీశాను. పడి లోపల అడ్డం పన్నెండు సెంటీమీటర్లు, లోతు పదిహేను. సుద్దముక్కతో వసారా గోడ మీద గుణకారాలు వేశాను. పదహారు వందల తొంబై అయిదు చిల్లర వచ్చింది. "పదిహేడు వందలనుకోండి. అంటే లీటరు ఏడు వందలు. అంటే పడికి కిలో ఏడు వందల గ్రాములు. ఇరవై నాలుగు పడులకు నలభై కిలోల ఎనిమిది వందలు."

"టేపుతోనే తూకం తూసినాడే" అని ఒకామె నోరు తెరిచింది.

"మన నడుములు కొలిచి ఎన్ని మణుగులో చెప్తాడేమో, కొంగు సర్దుకోండి మే" అంది ఇంకొకామె. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

దూదేకులామె నవ్వలేదు. "నాయనా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. పడి ఉప్పూ పడి బొరుగులూ ఒకటే తూకం తూగుతాయా?"

ఇంత వయసు వచ్చాక కూడా ఆ ప్రశ్న నాకు వినబడుతూనే ఉంటుంది. గాలికి ఎగిరిపోయే మరమరాలనే మేం బొరుగులంటాం; దానికి జవాబు తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. ఒక్క క్షణం ఆగితే చాలు. నేను ఆగలేదు. "అక్కా, ఇది ఫ్రెంచి దేశంలో పండితులు కట్టిన లెక్క. బొరుగులు తింటా కట్టింది కాదు" అన్నాను. మళ్లీ నవ్వులు. ఈసారి ఆమె కూడా అందరితో పాటు కొంచెం నవ్వింది. "ఏమో నాయనా, నీకు తెలిసినంత నాకెట్ల తెలుస్తాది" అని, ఇద్దరు సాయం పడితే బస్తా నెత్తికెత్తుకుని పోయింది.

మా మామ ఆ గోడ మీది అంకెల్ని తుడవనివ్వలేదు. వచ్చినవాళ్లకంతా చూపించాడట.

పది రోజులకు, కుట్టిన బట్టలు ఇవ్వడానికి మళ్లీ ఆ పల్లెకు పోయాను. వసారాలో ఆడవాళ్ల బస్తాలు ఇంకా పూర్తి కాలేదు. దూదేకులామె మాత్రం తన బస్తా ముగించి గింజలు తెచ్చింది. తక్కెడను దూలానికి కట్టారు. గుండ్లు పెట్టారు. ఇరవై ఆరు కిలోలు దాటి నాలుగు వందల గ్రాములు తూగాయి. మామ దింపి మళ్లీ తూచాడు. అంతే వచ్చింది.

"నలభై పైన రావాల. పద్నాలుగు కిలోలు యాడికి పోయినాయి?"

"యాడికి పోతాయప్పా? ఒలిచినవన్నీ తెచ్చినా. నా మాట నమ్మకపోతే పడి తేండి. ఎప్పుడూ కొల్చినట్టే కొలవండి."

మామ నా వైపు చూశాడు. అత్త కూడా చూసింది. వాళ్లు ఆమె మాట వినడానికి సిద్ధంగానే ఉన్నారు. లోపల్నుంచి పడి తెచ్చి ఇరవై నాలుగు సార్లు పోసి ఉంటే అక్కడితో అయిపోయేది. నేను అన్నాను: "పడి ఇంక చెల్లదు మామా. సర్కారు తీసేసింది. చెల్లని కొలతతో కొలిచి ఏం తేలుతాది?"

ఆమె గోడ మీది సుద్ద అంకెల్ని కొంచెంసేపు చూసింది.

"ముసలామెకు ఉడకేసి పెట్టుంటాది లే" అంది వెనక నుంచి ఒకామె.

"పద్నాలుగు కిలోలు తినేదానికి ఆ ముసలామె ఏమన్నా ఎద్దా మే" అంది ఇంకొకామె.

మా అత్త ముందుకొచ్చి, "ఒడి దులుపు" అంది. అంతమందిలో ఆమె నిలబడి కొంగు విప్పి, కుచ్చిళ్లు విదిల్చి దులిపింది. గింజల మీది ఎర్రపొర కొంచెం రాలింది, ఇంకేమీ లేదు. ఒడిలో ఏమీ లేదని ఎవరూ చెప్పుకోలేదు. ఒడి దులిపించారన్న మాటే ఊరంతా పోయింది. కూలి జొన్నలు అడగకుండానే ఆమె వెళ్లిపోయింది. వారం లోపల లింగాల దాకా, ఆ చుట్టూ ఉన్న పల్లెలన్నిటికీ ఆ మాట చేరింది. ఇక ఆమెకు ఎవరూ బస్తా ఇవ్వలేదు.

తర్వాత వసారాలో ఒలిచిన బస్తాలు ఒక్కొక్కటే తూచారు. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై అయిదున్నర. అత్త కళ్ల ముందు ఒలిచినవి. ఎవరి ఒడీ దులిపించే పని లేదు. మామ ఒక గుప్పెడు గింజలు చేతిలో పోసుకుని నలిపి చూశాడు. "ఈ ఏడు వాన సరిగా పడ్లేదు గదా. గింజ తాలు పోయింది. ఊరికే పొట్టు" అన్నాడు.

మరి ఆమె తీసుకుపోయింది కూడా ఆ చేని కాయలే గదా మామా, అని అడగాల్సింది నేను. అడగకుండా పులివెందుల వచ్చేశాను. అప్పటికి నా తప్పేమిటో నాకు పూర్తిగా తెలియదు. ఏదో తప్పుందని మాత్రం తెలుసు. తెలుసుకోవడానికి భయం వేసింది.

గింజలు ప్రొద్దుటూరు చేర్చేటప్పుడు మామ నన్ను తోడు తీసుకుపోయాడు. వ్యాపారి గోదాములో కాటా వేసే మనిషి పని చేస్తూ ఉంటే, మామ టీ తాగడానికి బయటికి పోయాడు. నేను చేతులతో పడి ఎంతుంటుందో చూపించి అడిగాను: "అప్పా, ఇంత పడి ఇత్తనాలు ఎంత తూగుతాయి?"

"కిలో నూరు. బాగా ఊరిన గింజయితే ఇంకొంచెం."

"కిలో ఏడు వందలు తూగవా?"

ఆయన పని ఆపి నన్ను కింది నుంచి పైకి చూశాడు. "రాళ్లు కలుపుకొస్తే తూగుతాయి." తర్వాత జాలిపడినట్టు, కాటా మీదున్న ఒక నిండు కాయల బస్తా చూపించాడు. "చూడు. పొట్టుతో కలిపి ముప్పైతొమ్మిది. దీన్ని ఒలిస్తే మూడింట రెండొంతుల గింజలొస్తాయి. నువ్వేం పని చేస్తావప్పా?"

"గుడ్డలు కుడతా."

"అదే చేసుకో" అన్నాడు. వెక్కిరింతగా కాదు, మంచి మాటగానే.

పొట్టుతో కలిపి ముప్పైతొమ్మిది కిలోలున్న బస్తాలోంచి నలభై కిలోల ఎనిమిది వందల గ్రాముల గింజలు రావాలని నేను గోడ మీద రాసిచ్చాను. రాలేదని ఒక మనిషి ఒడి దులిపించారు.

మామ తిరిగి వచ్చి, "ఏమంటాండాడు?" అన్నాడు. "ఏం లేదు మామా, ఊరికే మాట్లాడుకుంటాండాం" అన్నాను.

లెక్క తప్పడం ఒక తప్పు. అది ఎవరికైనా జరుగుతుందని సర్దిచెప్పుకోవచ్చు. ఈ రెండోదానికి అట్లాంటి సాకు లేదు. పులివెందుల వచ్చి గ్రంథాలయంలో ఆ పుస్తకం మళ్లీ తీశాను. శుద్ధమైన నీటి విషయంలో, అని స్పష్టంగా ఉంది. పుస్తకం ఎక్కడా అబద్ధం చెప్పలేదు. గోడ మీది నా పట్టిక దగ్గరికి వచ్చి, ఎర్రసిరా వాక్యం పక్కన నల్లసిరాతో, చీమ తలకాయంత అక్షరాలతో 'నీటికి' అని చేర్చాను. అదీ ఆ రోజు నేను చేసిన ప్రాయశ్చిత్తం. ఎవరైనా చూస్తే దిద్దుకున్నట్టు, చూడకపోతే దిద్దాల్సినంత తప్పేమీ లేనట్టు.

గ్రంథాలయంలో కొత్త కొలతల మీద సభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. వద్దనలేదు. పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. మామ ముందు వరసలో కూర్చున్నాడు. లీటరు దగ్గరికి వచ్చేసరికి 'నీటికి' అన్న మాట గబగబా అనేసి ముందుకు పోయాను. గ్రంథపాలకుడు భుజం తట్టి, "బడికి పోయినోళ్లు కూడా ఇంత తేటగా చెప్పలేరప్పా" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. అయినా మర్నాడు అందరితో సభ సంగతే మాట్లాడాను.

ఆ చలికాలంలో ఆమె అత్త చనిపోయింది. ఆమె ఇల్లు వదిలేసి జమ్మలమడుగులో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయిందని, లాగు కుట్టించుకోవడానికి వచ్చిన ఆ పల్లె మనిషి చెప్పాడు. "ఉండి ఏం చేస్తాది? పని ఇచ్చేటోళ్లు లేరు. శెనక్కాయలామె శెనక్కాయలామె అని పిల్లోళ్లు కూడా అంటాండ్రి." చెప్తూ చెప్తూ గోడ మీది పట్టిక చూసి, "ఇది నువ్వే రాసినావా? శానా బాగుంది" అన్నాడు.

పట్టిక చింపేశాను. తర్వాత వచ్చిన ఆదివారం బస్సెక్కి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయాను.

పెన్న వైపు పోయే సందులో వాళ్ల ఇల్లు. పంచలో ఆమె పరుపుకు దూది కూరుతోంది. జుట్టు మీద, రెప్పల మీద దూది. నన్ను గుర్తుపట్టి, కూర్చోమని చాప చూపించింది. దారంతా అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "అక్కా, లెక్క తప్పు. నువ్వు అడిగిందే నిజం. గింజలు అంత తూగవు. నీ బస్తా సరిగ్గానే ఉంది" అన్నాను.

ఆమె చేయి ఆపలేదు. "ఎప్పుడు తెలిసింది నాయనా?"

నేను అబద్ధం చెప్పగలిగి ఉండేవాణ్ణి. చెప్పలేదు, ఆ ఒక్కటి నయం. "పోయిన వేసవిలోనే. ప్రొద్దుటూరులో."

పరుపు మూతి మడిచి పక్కన పెట్టింది. తర్వాత, "నేను తియ్యలేదని నాకు తెలుసు గదా. నాకు చెప్పేదానికి ఇంత దూరం ఎందుకొచ్చినావు? తెలియనోళ్లకు చెప్పు" అంది. ఎవరెవరికి చెప్పాలో వేళ్ల మీద ఎంచింది. మా మామ ఊరు, లింగాల, ఆ చుట్టూ మూడు పల్లెలు. చివరికి వల్లూరు అంది. వల్లూరు ఎందుకని అడిగాను. "మా చెల్లెల్ని ఆడికిచ్చినారు. దాని మామకు కూడా ఎవరో చెప్పినారు. నేను ఆ గడప తొక్కొద్దంట. ముందు ఆడికి పో. నా పేరు ఎత్తి ఊర్లలో దండోరా వెయ్యొద్దు. తప్పు నీదని చెప్పు, చాలు."

మళ్లీ కాయలు ఒలవడం మొదలయ్యే రోజు చూసుకుని మామ ఇంటికి పోయాను. వసారాలో అందరూ ఉండగా తక్కెడ కట్టించాను. పడి నిండా నీళ్లు పోసి, పాత్ర బరువు తీసేసి తూస్తే కిలో ఏడు వందలు. అదే పడి నిండా గింజలు పోస్తే కిలో నూరు. బొరుగులు పోస్తే నూట యాభై గ్రాములు కూడా తూగలేదు. ఉప్పు రెండు కిలోలు తూగింది.  నడుములు కొలుస్తాడని నవ్విన ఆమె నేల చూస్తూ కూర్చుంది.

"ఇంతమందిలో చెప్పల్లనా అల్లుడా? నా ఒక్కనికి చెప్తే సరిపోదా?" అన్నాడు మామ.

"అప్పుడు కూడా ఇంతమందిలోనే గదా మామా" అన్నాను.

ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అత్త మాత్రం ఆ సాయంత్రమే, "లెక్క నీది, దులిపించింది నేను. నన్ను ఆడికి తీసకపో" అంది. ఇద్దరం జమ్మలమడుగు పోయాం. అత్త గడపలో కూర్చుని, చనిపోయిన ముసలామె గురించి, ఎండల గురించి, ఏవేవో అడిగింది. చివరికి, "తప్పయిపోయింది మే" అంది. ఆమె, "తూకం నాకేం తెలుసు, నీకేం తెలుసు. ఇన్నేండ్లు నా పడి చూసినావు గదమ్మా నువ్వు. దానికే నాకు కడుపులో మంట" అంది. అత్త మళ్లీ ఊరికి రమ్మంటే ఆమె రానంది.

లింగాలకు పోయి చెప్పాను. మిగిలిన పల్లెల్లోనూ చెప్పాను. కొందరు నవ్వారు. కొందరు, ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకన్నారు. వల్లూరు ఒక్కటి మిగిలింది. ముందు పొమ్మన్న చోటే చివరికి మిగిలింది. ఆ ఇంటి పెద్దాయన కోపిష్టి అని విన్నాను. ఎదురుగా నిలబడే ధైర్యం చాలలేదు. కార్డు రాశాను. నా చేతిరాత బాగుంటుంది. అంగుళం చోటు వదలకుండా, తప్పు ఎక్కడ జరిగిందో, లీటరుకూ కిలోకూ సంబంధం ఏమిటో, అన్నీ వివరంగా రాసి పోస్టు చేశాను.

కొన్ని నెలల తర్వాత ఏదో పని మీద జమ్మలమడుగు పోయినప్పుడు ఆమె అడిగింది: "వల్లూరు పోయినావా నాయనా?"

"కార్డు రాశానక్కా."

ఆమె నన్ను కోప్పడలేదు. "వాళ్లింట్లో చదివేటోళ్లు ఎవరుండారు?" అంది.

చదివేవాళ్లే లేని ఇల్లు ఒకటుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. మర్నాడే వల్లూరు పోయాను. పెద్దాయన చనిపోయి రెండు నెలలైంది. ఆమె చెల్లెలు గూట్లోంచి నా కార్డు తీసి చూపించింది. పసుపు మరకలు అంటి, ఎవరూ చదవకుండా అట్లాగే ఉంది. నేను నోటితో చెప్పాను. ఆమె తలుపు పట్టుకుని నిలబడి మొత్తం వినింది. "మా మామ ఉన్నప్పుడు వచ్చుంటే బాగుండు. పోయిన నెలలో నా కూతురి పెండ్లి చేసినాం. ఆయన మాట దాటలేక మా అక్కను పిలవలేదు" అంది. నాకు మంచినీళ్లు ఇచ్చింది. ఆ కార్డును తిరిగి గూట్లో పెట్టింది.

ఈ రాతకు సాయపడినవాళ్లకు కృతజ్ఞత చెప్పాలి. పేర్లు లేకుండానే చెప్తాను. ప్రొద్దుటూరు గోదాములో నాకు నిజం చెప్పిన కాటా మనిషికి. తన వంతు తప్పును నా మీదికి నెట్టకుండా బస్సెక్కిన మా అత్తకు. చాలా రోజుల తర్వాత ఒకనాడు మిషను దగ్గరికి వచ్చి, చొక్కా కుట్టమని గుడ్డ ఇచ్చి, నాతో మాట్లాడిన మా మామకు. ఎన్ని పుస్తకాలు తీసుకుపోయినా విసుక్కోని ఆనాటి గ్రంథపాలకునికి. కళ్లు సరిగా కనబడని నా దగ్గర కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టిన మా మనవరాలికి. వల్లూరులో గుమ్మం దగ్గర నిలబడి నా మాట చివరిదాకా విన్న చెల్లెలికి. తెలియనివాళ్లకు చెప్పమని నన్ను వెనక్కి పంపిన ఆమెకు.